పథ్యం

కిడర్‌మిన్‌స్టర్‌లో సోమవారం. వాన.
స్టౌర్ ఏటి ఒడ్డున తివాచీ మిల్లుల్లో
ఇంకా మగ్గం మోత వినిపించేది ఈ ఒక్కదాంట్లోనే.
పక్కది సూపర్‌మార్కెట్, దాని పక్కది కారు పార్కు.
నా చేతిలో ఎర్ర స్టిక్కర్ల చుట్ట,
నలభై మూడు కంప్యూటర్ల జాబితా.
అక్టోబరు దాటితే వీటికి దిక్కెవరూ ఉండరని
పై ఆఫీసు కాగితం.

లెక్కల గదిలో పద్దెనిమిదింటికి అంటించాను.
ఒక్కటీ మొరాయించడం లేదు.
నొక్కితే అక్షరం పడుతోంది,
కూడితే మొత్తం సరిపోతోంది.
కొత్త సాఫ్ట్‌వేర్ గడపలో నిలబడి
లోపలి చిప్పు ఏ ఏట పుట్టిందని అడుగుతుంది.
అంతే. ఆ ఒక్క ప్రశ్నకే
పద్దెనిమిది ఎర్ర బొట్లు.

కొత్తొక వింత, పాతొక రోత
అని గొణుక్కుంటూ షెడ్డులోకి వెళ్లాను.

ఉన్ని వాసన, నూనె వాసన.
మగ్గం పక్కన టీ కెటిల్‌కి ఆనుకుని
ఒకప్పుడు తెల్లనిదైన పెట్టె,
ఇప్పుడు కాగిన నెయ్యి రంగు.
లోపల ఫ్యాను పిల్లిలా గురకపెడుతోంది.
స్టిక్కరు చించబోతే
గ్లెనిస్ ప్రోబర్ట్ చెవుల మీది తొడుగు తీసింది.
"దానికి ఇవాళ తేదీ చెప్పావా?" అంది.

బ్యాటరీ చచ్చి పదకొండేళ్లట.
రోజూ పొద్దున లేవగానే
దానికి ఇంకా పందొమ్మిది వందల తొంభయ్యే.
ఈమె కోటు విప్పకముందే తేదీ కొడుతుంది.
"అదొక్కటే అడుగుతుంది పాపం,
ఆ తర్వాత సాయంత్రం దాకా నోరెత్తదు."

జేబులో పట్టే నల్ల బిళ్ళ లోపలికి తోసింది.
కరకరమంది, ఆలోచించింది,
మగ్గానికి ఏదో చెప్పింది.
పడుగు లేచింది. పేక దూరింది.
చర్చి మెట్లకు పరిచే ఎర్ర తివాచీ మీద
అడవి గులాబీ ఒకటి
వేలెడంత, ఆపైన బెత్తెడంత.

నేను తెచ్చిన కొత్తది చూపించాను.
పలచన, వెండి రంగు, బరువే లేదు.
మగ్గం తీగ చివర ఇరవై అయిదు సూదులు.
దీనికి రెండు సన్నని చీలికలు తప్ప
ముక్కూ చెవీ లేవు.
గ్లెనిస్ దాన్ని అటూ ఇటూ తిప్పి
"అందంగానే ఉంది" అని
నా చేతిలో పెట్టేసింది.

ఆఫీసులో ఇలాంటి వాటికి నేను పెట్టిన పేరు
పాత చింతకాయ పచ్చడి.
ఎవరికీ అర్థం కాదు, నేనొక్కణ్ణే నవ్వుకుంటాను.
ఆ షెడ్డులో, ఎందుకో,
టైఫాయిడ్ తగ్గిన పదిహేడో రోజు గుర్తొచ్చింది.
చప్పబడ్డ నా నాలుక మీద
మా పెద్దమ్మ మొదట రాసింది అదే,
మూడేళ్ల జాడీ అడుగు నుంచి.
కొత్త పచ్చడి వీడికి పడదు, అంది.
మరి ఆ మాటని తిట్టుగా
ఎప్పుడు మార్చుకున్నానో.

ఫారంలో మూడే గడులు:
మార్చుము, పారవేయుము, వాయిదా.
'పని చేస్తోంది' అన్న గడి లేదు.
వాయిదా మీద నొక్కాను.

వ్యానులో, పాత సామాను యార్డుకి పోవాల్సినవి,
పోయిన వారం బడి స్టోరులో తీసినవి పన్నెండు.
ఆరోదాని వెనక
ఇరవై అయిదు కన్నాల మూతి.
నా కోటు దానికి కప్పి
నేను తడుస్తూ లోపలికి మోసుకొచ్చాను.
థాంక్స్ చెప్పలేదు గ్లెనిస్.
కెటిల్ జరిపి చోటు చేసింది.

స్విచ్ వేశాను. చాలాసేపు చీకటి.
ఆశ వదులుకునేంతలో
ఆకుపచ్చ అక్షరాలు: ఇవాళ తేదీ?

నాకు గుర్తు రాలేదు.
ఫోన్ తీశాను.
తెల్లటి తెర మీద సున్నా తిరుగుతోంది,
అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దు,
ఇంకా నలభై నిమిషాలు.

గ్లెనిస్ మెడ సాచి
గోడ మీది మాంసం కొట్టు క్యాలెండరు చూసి
"తొమ్మిది" అంది.
తొమ్మిది కొట్టాను.